మా లైనులో తొమ్మిది నక్షత్రాలు

శైలజక్క ఫోన్ చేసిందంటే ఎత్తాలా వద్దా అని నేను మూడు రింగులు ఆలోచిస్తాను. ఆవిడ మంచిదే. సిద్ధగోరాలో మా తెలుగు చర్చి సండే స్కూల్లో పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లల క్లాసు ఆవిడదే. కానీ ఆవిడ ఫోన్ చేస్తే ఏదో ఒక పని ఉంటుంది, ఆ పని కాదనడం నాకు చేతకాదు.

"పద్మా, ఈ క్రిస్మస్‌కి పిల్లలకో పని పెట్టినానమ్మా. ఒక్కొక్కలూ ఒక్క ఫ్రెండుకి యేసయ్య గురించి చెప్పాల. బట్టీ కొట్టిన వాక్యం కాదు, సొంత మాట. వింటావా అని ముందడగాల. వద్దంటే నవ్వేసి ఆడుకోడానికి ఎల్లిపోవాల, అంతే. బిందుకి ఇంటికాడ నువ్వు కాసింత ధైర్యం చెప్పు."

ధైర్యం చెప్పడానికి శైలజక్కకి ఈ జంషెడ్‌పూర్ మొత్తంలో నేనే దొరికాను. కుక్కరు మూడో విజిల్ వేస్తే వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడే మనిషిని నేను. పిల్ల స్కూల్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే, ఆ పది నిమిషాల్లో నేను చూడని ప్రమాదం ఉండదు. మా అమ్మకి జబ్బు చేసి నా చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది. అందుకని నలుగురిలో నోరు విప్పాలంటే, నేను మాట్లాడేది తప్పేమోనన్న భయం ఎప్పుడూ ఒకటి ముందు నిలబడుతుంది.

దీనికి తోడు భాలుబాసా సంగతి ఒకటుంది. మూడేళ్ళ కిందట అక్కడ అద్దెకుండేవాళ్ళం. శుక్రవారం సాయంత్రాలు మా గదిలో ఐదారుగురం కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఎవరేమన్నారో ఏమో, ఒకరోజు ఇంటాయన వచ్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. తిట్టలేదు, అరవలేదు. కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడమే నాలో ఉండిపోయింది. ఆ తర్వాత మా ఆయన మురళికి ఉక్కు కంపెనీలో ఉద్యోగం ఖాయమై, అగ్రికోలో ఈ క్వార్టర్ వచ్చింది. వచ్చిన రోజే నేను మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఇక్కడ మన సంగతి మన గుమ్మం లోపలే.

మా గోడకి అవతలి ఇల్లు నూకమ్మత్తది.

నాకు ఆవిడ రక్తసంబంధం కాదు. బొబ్బిలి దగ్గర నుంచి పెళ్ళై వచ్చి ముప్ఫై ఏళ్ళుగా ఇదే క్వార్టర్ల లైనులో ఉంటోంది. ఇప్పుడు కొడుకు బాలాజీ కంపెనీలో క్రేన్ నడుపుతాడు. మా పెరళ్ళకి మధ్య నడుమెత్తు గోడ ఉంది. రోజూ పదకొండింటికి ఆ గోడ మీంచి ఒక గిన్నె ఇటొస్తుంది, ఒక గిన్నె అటెళ్తుంది. పోయిన వానాకాలం నాకు డెంగ్యూ వస్తే పన్నెండు రోజులు ఆ గోడ మీంచే జావ అందించింది. "తాగుతావా, నెత్తిన పొయ్యమంటావా" అని నిలబడి తాగించింది. అమ్మ పోయాక నన్ను అలా తిట్టినవాళ్ళు లేరు.

మేం ఆదివారం బైబిళ్ళు పట్టుకుని వెళ్ళడం ఆవిడ చూస్తుంది. ఆవిడ మంగళవారం అమ్మవారి పటానికి దీపం పెట్టుకోవడం నేను చూస్తాను. కందిపప్పు దగ్గర నుంచి కోడలి అలకల దాకా అన్నీ ఆ గోడ దాటాయి గాని, ఆ ఒక్క మాటా ఇద్దరం దాటించలేదు. దాటిస్తే ఆవిడ కూడా నా కళ్ళలోకి చూడడం మానేస్తుందేమోనని నా భయం.

మా బిందుప్రియకి పదకొండేళ్ళు. భయం విషయంలో అది నాకు పుట్టిన పిల్లేనా అని నాకు అనుమానం. శైలజక్క పని పెట్టిన రోజే మంచమెక్కి నిలబడి, స్కూల్లో స్పీచ్ ఇచ్చినట్టు మొదలెట్టింది.

"నమస్కార్! మేరా నామ్ బిందుప్రియ. ఈ రోజు నేను మీ ముందు యేసు క్రీస్తు అనే అంశం మీద..."

"అంశం ఏటే! దిగు కిందకి. ఫ్రెండుతో అలాగే మాట్లాడతావా?"

"మరెలా మమ్మీ?"

"మామూలుగా. నీకేం తెలుసో అది."

అది మంచం దిగి నా పక్కన కూర్చుంది. "నాకు మాథ్స్ టెస్టంటే భయమేసినప్పుడు ప్రేయర్ చేస్తే మార్కులు రాలేదు, లేకిన్ భయం పోయింది. అది చెప్పొచ్చా?"

"మార్కులు రాలేదని చెప్పకు."

"సచ్ హై తో బోలూఁగీ నా!" నిజమైతే చెప్పాలి కదా అని నన్నే దబాయించింది.

నేను చల్లగా ఒక దారి చూపించాను. "పోనీ మన రాజాం పిన్నికి ఫోన్ చేసి చెప్పు. ఒక్కలకి చెప్తే చాలు కదా."

"పిన్ని వాళ్ళాయన పాస్టర్ మమ్మీ! యే తో చీటింగ్ హై!"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. దాని తలమీద చెయ్యి వేసి, "సరే, నీకు నచ్చినోళ్ళకి చెప్పు. నిజమే చెప్పు. ఎవర్నీ కించపరచకు" అన్నాను. నేను ధైర్యం చెప్పడం అంటే అంతే. అదేం తక్కువ ధైర్యం కాదు, నా లెక్కలో.

"అయితే నూకమ్మ మామ్మకి చెప్తా!"

"ఒద్దు!" ఎంత గట్టిగా అరిచానంటే నాకే చెవులు గింగురుమన్నాయి. గొంతు తగ్గించుకున్నాను. "మామ్మ పెద్దావిడ కదమ్మా. ఆవిడ నా వంతు. నేను చెప్తాను."

"పక్కా?"

"పక్కా."

ఆ మాట నన్ను పది రోజులు తినేసింది. పిల్ల పొద్దున్నే జడ వేయించుకుంటూ అద్దంలోంచి అడిగేది, "చెప్పావా?" అని. సోమవారం మామ్మ పప్పు ఏరుకుంటోంది. మంగళవారం ఆవిడ పూజ రోజు. బుధవారం నాకు తలనొప్పి. గురువారం ఆవిడకి తలనొప్పి. శుక్రవారం ఇద్దరికీ తలనొప్పి లేదు గాని పాలు పొంగుతున్నాయి. "నీ దగ్గర చాలా పాలున్నాయి మమ్మీ" అంది బిందు. ఆ పిల్ల నోటికి మురళి పోలిక.

మురళికి చెబితే ఆయన షూ లేసు కట్టుకుంటూ, "రోజులెలగున్నాయో తెలుసు కదా. పిల్లని ఎక్కువ తిరగనీకు" అన్నాడు. మళ్ళీ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి, "అలాగని నోరు మూసీకు. చిన్నప్పుడు నేను చెప్పనేకపోయినాను" అని వెళ్ళిపోయాడు. ఇలాంటి సలహాతో ఎవరికైనా తలనొప్పి రాదా?

ఇక అసలు రోజు. డిసెంబరులో ఒక శనివారం. మా చర్చి క్యారల్స్ వాళ్ళు సాయంత్రం ఆరింటికి అగ్రికో వస్తామన్నారు. మా చర్చిలో ఒక పద్ధతుంది. విశ్వాసుల ఇళ్ళ ముందు వెదురు పుల్లలకి రంగు కాగితం అంటించిన నక్షత్రం వేలాడుతుంది, లోపల బల్బు వెలుగుతుంది. పాడేవాళ్ళకి అడ్రసులు అక్కర్లేదు. నక్షత్రం కనపడితే గేటు తీసుకుని లోపలికి రావడమే. మూడు పాటలు, ఒక ప్రార్థన, ఇంటివాళ్ళిచ్చిన టీ. జట్టుకి నాయకుడు పోలరాజన్న. ఢోలక్ మెడలో ఉంటే ఆయన ఈ లోకంలో ఉండడు. పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు. "మీ లైనులో మనోళ్ళెంతమందమ్మా?"

"మేమొక్కరమే అన్నయ్యా."

"ఏటోనమ్మా, నాకు క్వార్టర్ నంబర్లు గుర్తుండవు. స్టార్ చూసుకుని వచ్చీస్తాం."

నా నక్షత్రం వరండా లోపలి మూల, ఆరేసిన దుప్పటి వెనకాల వేలాడదీశాను. వాళ్ళకి కనపడాలి, లైనుకి కనపడకూడదు. అది ఎలా సాధ్యమని అడక్కండి.

ఐదున్నరకే చీకటి పడింది. మురళి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. పాతిక మందికి టీ పెట్టి, కేకు ముక్కలు కోసి, బిందు తన ఫ్రెండు తనుశ్రీ ఇంటి నుంచి వచ్చిందా లేదా అని వీధిలోకి తొంగి చూశాను.

మొదట నాకు అర్థం కాలేదు. ఏదో పెళ్ళి అనుకున్నాను.

మా లైనంతా నక్షత్రాలే. ఎదురుగా తనుశ్రీ వాళ్ళింటికి ఎర్రది. దాని పక్కన ఇంకో ఫ్రెండు సూరజ్ వాళ్ళింటికి పచ్చది. బంగారురాజు గారి గేటుకి పసుపుది, దానికి తోకలు కూడా ఉన్నాయి. ఆ చివర ఇంటి దాకా ఒకటి, రెండు, మూడు... మాది కాక ఎనిమిది. అన్నింట్లోనూ లైట్లు. ఒక్క నూకమ్మత్త గుమ్మం మాత్రం చీకటిగా ఉంది.

బిందు ఎగురుకుంటూ వచ్చింది. వేళ్ళ నిండా జిగురు, ముక్కు మీద మెరుపు పొడి.

"మమ్మీ! దేఖో! కైసా లగా?" ఎలా ఉన్నాయో చెప్పమంది.

"ఎవరే ఇవన్నీ కట్టింది?"

"మేమే! తనుశ్రీకి ఒకటిచ్చాను. సూరజ్ ఇది ఎందుకని అడిగాడు. వింటావా అన్నాను. వింటానన్నాడు. యేసు పుట్టినప్పుడు ఆకాశంలో స్టార్ వచ్చిందని, భయపడొద్దని దేవదూత చెప్పాడని, నా మాథ్స్ టెస్టు సంగతీ అన్నీ చెప్పాను. వాడికి ఆ టెస్టు సంగతి బాగా నచ్చింది. వాడూ స్టార్ కావాలన్నాడు. తర్వాత అందరూ కావాలన్నారు. వారం నుంచి తనుశ్రీ వరండాలో కూర్చుని చేస్తున్నాం!"

నేను అక్కడ హోంవర్క్ చేస్తోందనుకుంటున్నాను.

"వాళ్ళ అమ్మానాన్నలకి తెలుసా?"

"అందర్నీ అడిగే కట్టాం. బంగారురాజు తాతగారు కట్టేటప్పుడు స్టూలు కూడా పట్టుకున్నారు. మామ్మకి మాత్రం ఇవ్వలేదు. నీ వంతు కదా!"

అప్పుడు వినపడింది. లైను మొదట్లో ఢోలక్. వెనకాలే తాళాలు. నాకు పోలరాజన్న పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. స్టార్ చూసుకుని వచ్చీస్తాం.

వెంటనే పోలరాజన్నకి ఫోన్ చేశాను. ఢోలక్ వాయించే మనిషి జేబులో ఫోన్ మోగితే ఎవరికి వినపడుతుంది? చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నేను చేరేసరికే ఇరవై మంది, వాళ్ళతో పాటు దూది గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత, చలికి మఫ్లరు చుట్టుకున్న పాస్టరయ్య గారు, అందరూ బంగారురాజు గారి గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

బంగారురాజు గారు మిల్లులో రిటైరైన మనిషి. లుంగీ, మంకీ క్యాప్‌తో బయటికొచ్చి గుంపుని చూడగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"చందా లేదు! ఇప్పటికే ముగ్గురొచ్చీసినారు. ఎల్లండెల్లండి!"

"చందా కాదు బాబూ, పాట!" అన్నాడు పోలరాజన్న.

"పాటకెంత?"

"ఊరికేనండి. మూడు పాటలు."

బంగారురాజు గారు కాస్త అనుమానంగా చూసి, "ఊరికేనైతే మూడెందుకు, నాలుగు పాడండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నేను గేటు దగ్గర నిలబడి చేతులూపుతున్నాను, వద్దు వద్దు అని. పోలరాజన్న నన్ను చూసి, ఉత్సాహం అనుకుని ఇంకా గట్టిగా వాయించాడు. జట్టులో పిల్లలు కూడా నాలాగే చేతులూపడం మొదలుపెట్టారు. పాటలయ్యాక పాస్టరయ్య గారు ఇంటి లోపలికి చూసి, గోడ మీద దేవుళ్ళ పటాలు చూసి, ఒక్క క్షణం ఆగారు. నా వైపు చూశారు. నేను రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాను. ఆయనకి సంగతి అర్థమైంది. బంగారురాజు గారి దగ్గరికెళ్ళి, "మీకభ్యంతరం లేకపోతే మీ ఇంటి క్షేమం కోసం ఒక చిన్న ప్రార్థన చేస్తానండీ. వద్దంటే ఇలాగే సెలవు తీసుకుంటాం" అన్నారు.

"మోకాలు నొప్పి కూడా కలపండి. ఎడమది," అన్నారు బంగారురాజు గారు.

ఇక ఎవరాపుతారు? పాస్టరయ్య గారి చెవిలో చెప్పాను. "అయ్యగారూ, వీళ్ళెవరూ మనోళ్ళు కారు. మా పిల్ల చేసిన పని. క్షమించండి." ఆయన మఫ్లరు లోంచి నవ్వు ఆపుకోలేక దగ్గారు. "అడుగుదాం పద్మా. గేటు దగ్గరే నిలబడి పాడమంటారా అని అడుగుదాం. వద్దన్న చోట ఒక్క నిమిషం ఉండం."

ఒక్కరూ వద్దనలేదు. సూరజ్ వాళ్ళమ్మకి తెలుగు ముక్క రాదు. మూడు పాటలూ చప్పట్లు కొడుతూ విని, "ఔర్ ఏక్ గానా భయ్యా!" అని నాలుగోది పాడించుకుని, పళ్ళెం నిండా ఠేకువాలు తెచ్చింది. గట్టి బెల్లం బిళ్ళలు. పాస్టరయ్య గారి పన్ను ఒకటి కదిలిందని తర్వాత తెలిసింది. తనుశ్రీ ఇంట్లో వాళ్ళ నాయనమ్మ క్రిస్మస్ తాతకి చలేస్తుందని శాలువా కప్పింది. చివరింటివాళ్ళు పకోడీ వేశారు. మా ఇంట్లో పాతిక మందికి పెట్టిన టీ అక్కడే చల్లారిపోతోంది, లోకమంతా వీళ్ళకి పెడుతోంది.

ప్రతి ఇంటి ముందూ బిందు చేతులు కట్టుకుని నిలబడి, ఇదంతా తనే కనిపెట్టినట్టు చూస్తోంది. దాన్ని చూస్తే తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. నాకు తెలియకుండానే నేనూ పాడుతున్నాను. వీధిలో, దుప్పటి చాటు లేకుండా, ఉత్త కాళ్ళతో.

అలా అటూ ఇటూ తిరిగినప్పుడల్లా నూకమ్మత్త గేటు దాటాలి. మొదటిసారి ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. రెండోసారి నడుము మీద చేతులు పెట్టుకుంది. మూడోసారి జట్టంతా పాడుకుంటూ ఆవిడ ఇల్లు వదిలేసి పక్కింటికి వెళ్ళింది, నక్షత్రం లేదు కదా. ఆవిడ మూతి బిగించి, నా కళ్ళలోకి చూడకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నా పాట అక్కడే ఆగిపోయింది.

భాలుబాసా ఇంటాయన మొహం అచ్చంగా అలాగే తిరిగింది. అయిపోయింది, అనుకున్నాను. గోల చేశాం. ఇన్నేళ్ళు అమ్మవారికి దీపం పెట్టుకునే మనిషి గుమ్మం ముందు ఢోలక్కులు వాయించాం. రేపు పదకొండింటికి గోడ మీదకి గిన్నె రాదు. ఎల్లుండీ రాదు. నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏయ్ పద్మా! ఇలగ్రా!"

లేచి వెళ్ళాను. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, పీట చూపించింది. కూర్చున్నాను. ఆవిడ కూర్చోలేదు.

"అత్తా, తప్పయిపోయింది. పిల్లది తెలియక..."

"నోర్ముయ్. నాను అడిగినదానికి చెప్పు. నానేటి పాపం చేసినాను?"

"అయ్యో, నువ్వా?"

"నానే! లైనంతా మీ గుంట చెప్పింది. ఆ బిహారోలికి చెప్పింది. తోక తెగిన కుక్కకి కూడా చెప్పీ ఉంటాది. ఆ బంగారురాజుకి! నువ్వొచ్చిన కాడ్నించీ నీతో మాటాడని బంగారురాజుకి తోకల స్టార్ కట్టింది! నాకు లేదు. పాటగాళ్ళు కూడా నా గేటు దాటుకుని ఎల్లిపోనారు, శవం లేచిన ఇల్లు దాటినట్టు. నీకు జొరమొచ్చినప్పుడు జావ పోసింది బంగారురాజా?"

ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది.

"మంగళారం దీపం పెడతానని, నాకు సెవులు నేవనుకున్నావా? ఇనడానికేటి, ఇంటే అరిగిపోతానా?"

"కాదత్తా! నువ్వు నా వంతు."

"వంతేటి?"

"బిందు చెప్తానంటే నేనే వద్దన్నాను. నేను చెప్తానన్నాను. పది రోజుల నుంచి చెప్దాం చెప్దామనుకుంటూ..." పీటని కాస్త వెనక్కి జరుపుకున్నాను. "భయమేసిందత్తా. చెబితే నువ్వు నాతో మాట్లాడ్డం మానేస్తావేమోనని."

ఆవిడ నన్ను కొంచెంసేపు చూసింది. కళ్ళలోకే చూసింది.

"చెప్పనందుకు మానీద్దామనుకున్నాను," అంది. తర్వాత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడా?"

"పాలేం పొంగడం నేదు నే."

అంటే వంతు సంగతి దాచి, పాల సంగతి మాత్రం బిందు చెప్పేసింది. దానికోసం వెనక్కి తిరిగి చూశాను. వంటింటి గుమ్మంలోనే ఉంది, దూది గడ్డం ఎక్కడి నుంచి సంపాదించిందో చేతిలో పట్టుకుని. "బిందూ, రామ్మా, నువ్వు బాగా చెప్తావు..."

"నహీఁ మమ్మీ. మామ్మ ఆప్‌కా హిస్సా హై." మామ్మ నీ వంతే అని తేల్చేసింది. అది అక్కడితో ఆగలేదు. నాకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది, నేను దానికి చెప్పిన మాటలతోనే. "మామూలుగా చెప్పు మమ్మీ. నీకేం తెలుసో అది. నిజమే చెప్పు."

చెప్పాను. ఎలా చెప్పానో వరసగా గుర్తు లేదు. "అత్తా, నాకు భయం ఎక్కువ కదా" అని మొదలుపెట్టాను.

"ఎక్కువా! మొన్న కుక్కరు కూసిందని నా పెరట్లోకి దూకీసినావు."

"భాలుబాసాలో ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు సామాను వీధిలో పెట్టుకుని పెట్టె మీద కూర్చున్నాను. ఎక్కడికి పోవాలో తెలీదు. బిందుకి ఎనిమిదేళ్ళు, ఆకలని ఏడుస్తోంది. యేసయ్యా, నాకు చదువు లేదు, మా అమ్మ లేదు, నువ్వు కూడా లేకపోతే చెప్పెయ్, అన్నాను. కోపంగానే అన్నాను."

"అప్పుడేటన్నాడు?"

"ఏం అనలేదు."

"అనలేదా!" ఆవిడకి కోపం వచ్చింది.

"అనలేదత్తా. కానీ పక్కన ఎవరో వచ్చి ఆ పెట్టె మీదే కూర్చున్నట్టనిపించింది. అంతే. లేచి పిల్లకి అన్నం కొని పెట్టాను. ఆయన కూడా పుట్టినప్పుడు ఇల్లు దొరకనివాడే కదా. పశువుల పాకలో పడుకోబెట్టారు. నా బాధ ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది. భయం ఇప్పటికీ వస్తుంది. కానీ ఒక్కదాన్నే భయపడను, ఆయనతో కలిసి భయపడతాను. నీ పక్క క్వార్టర్ వచ్చినప్పుడు, నిన్ను కూడా ఆయనే ఇచ్చాడనుకున్నాను."

"నన్నెవులూ ఇవ్వనేదు. ముప్ఫై ఏళ్ళై నాను ఇక్కడే ఉన్నాను. నువ్వే వచ్చినావు," అంది ఆవిడ. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పశువుల పాకలోనా? బాలింతరాలినా? ఊళ్ళో ఒక్క ఆడది కూడా నేదా తలుపు తియ్యడానికి? నానుంటే చూసీదాన్ని."

"నువ్వుంటే తీసేదానివత్తా," అన్నాను. నవ్వొచ్చేసింది, ఏడుపూ వచ్చేసింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

"ముందే చెప్తన్నాను. నా అమ్మోరి పటం నాను తియ్యను."

"తియ్యమని నేనెందుకంటాను?"

"అలగైతే రోజూ పదకొండింటికి చెప్పు, ముక్క ముక్క. ఒక్కసారే చెప్తే నాకు బుర్రకెక్కదు." లేచి వరండాలోకి నడిచి, వీధి అదిరేలా కేకేసింది. "ఓయ్, డోలక్కు బాబూ! ఇటు రండి!"

చివరింట్లో పకోడీ తింటున్న పోలరాజన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు, వెనకాల జట్టంతా. గేటు దగ్గర ఆగి, పైకి చూశాడు, చుట్టూ చూశాడు. "స్టార్ లేదు కదమ్మా?"

"నానున్నాను కదా, కనపడనేదా?"

ఇరవై మందీ ఆ చిన్న వరండాలో ఇరుక్కున్నారు. బంగారురాజు గారు కూడా కుర్చీ మోసుకుంటూ వచ్చారు, ఇంకో నాలుగు పాటలు ఊరికే వస్తున్నాయని. తలుపు సందులోంచి సూరజ్, తనుశ్రీ. పాటలయ్యాయి. బిందు రెండు పాటలకి డాన్సు కూడా చేసింది, ఎవరూ అడక్కుండానే. పాస్టరయ్య గారు మఫ్లరు సర్దుకుని, ప్రార్థన చెయ్యమంటారా అని అడగబోయారు.

"నా కొడుకు ఆకాశమంత ఎత్తున క్రేన్‌లో కూర్చుంటాడు. ఆడి కోసం చెయ్యాల," అంది నూకమ్మత్త. "మీరు కాదయ్యగారూ, ఏటనుకోకండి. మా పద్మ చెయ్యాల."

నలుగురిలో నేనెప్పుడూ పైకి ప్రార్థన చెయ్యలేదు. చర్చిలో కూడా. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి, ముఖ్యంగా మా అమ్మాయివి. అత్త నా చెయ్యి పట్టుకుంది. పిండి కలిపే చెయ్యి, గట్టిగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. గాలి పీల్చుకున్నాను. నోరు తెరిచాను.

"అత్తా!" అన్నాను.

ముందు బిందు కిసుక్కుమంది. తర్వాత వరండా అంతా పగలబడి నవ్వింది. పోలరాజన్న ఢోలక్ మీద ఒక దెబ్బ పడింది. పాస్టరయ్య గారు కదిలే పన్ను పట్టుకుని నవ్వారు. బిందు నేల మీద కూర్చుండిపోయింది.

"నానేటి చేసీది, నన్నడిగితే! పైకి చెప్పు, పైకి!" అని నూకమ్మత్త నా మోచేతిని కుదిపింది, తనూ నవ్వుతూనే.

నవ్వుతూనే, కళ్ళు తెరవకుండా, మళ్ళీ మొదలుపెట్టాను.